పడమటి గోడ

మార్చి 11, సోమవారం

ఈ డైరీ ఇన్సూరెన్సు ఏజెంటు ఇచ్చాడు. అంగన్‌వాడీలో రోజంతా రిజిస్టర్లు రాసి చేయి లాగేస్తుంటే ఇంటికొచ్చి మళ్ళీ రాయడమేమిటని బీరువా మీద పడేశాను. ఈరోజు దుమ్ము దులిపి తీశాను. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకుంటే మా పేటలో రేపటికల్లా పదిమంది నోళ్ళలో నానుతుంది. ఇదైతే బీరువాలో ఉంటుంది.

సాయంత్రం మగ్గం గదిలో పడమటి గోడ మీద చేయి పెట్టి చూశాను. లోపలి వైపే. పొయ్యి మీది పెనంలా ఉంది. ఇంకా మార్చి సగం కూడా కాలేదు. మామ వాళ్ళ నాయన కట్టించిన రాతి గోడ అది, మూరన్నర మందం. పగలంతా ఎండను తాగుతుంది, తాగిందంతా పొద్దు కుంకాక గదిలోకి ఊదుతుంది.

పోయిన సంవత్సరం మే నెలలో మా ఆయన ఓబుళేశు ఆ గదిలోనే, నేస్తూ నేస్తూ మగ్గం గుంటలోకి ఒరిగిపోయాడు. నేను వంటింట్లో ఉన్నాను. మగ్గం చప్పుడు ఆగింది. మంచినీళ్ళకు లేచాడేమో అనుకున్నాను, కానీ లేచిన అలికిడి లేదు. పరిగెత్తాను. ఆ పరుగు వల్లే బతికాడని కర్నూలు ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. అదే నోటితో ఇంకోమాట కూడా అన్నాడు. "ఇంకొకసారి ఒళ్ళు ఇట్ల వేడెక్కితే మా చేతుల్లో ఏమీ ఉండదమ్మా."

అప్పటినుంచి ఆయనకు చెమట సరిగా పట్టడం లేదు. ఎండలో నాలుగడుగులు వేస్తే ముఖం కందిపోతుంది. మగ్గం మానమంటే వినడు. మా వీధిలో చేతిమగ్గం మిగిలింది మా ఒక్క ఇంట్లోనే, దాన్ని కూడా ఆపితే ఆయన మనిషి కాడు. ఏసీ పెట్టిద్దామంటే గాలి పొడిబారి పడుగు దారాలు తెగిపోతాయంటాడు. కూలరు ఉంది, కానీ ఆ గోడ ముందు కూలరు ఏం చేస్తుంది పాపం.

కాబట్టి గోడకే లోపల ఒక పొర కట్టిస్తాను. మాకు పిల్లలు లేరు. నాకున్నది ఈ మనిషి ఒక్కడే. ఈ వేసవి దాటించాలి.

మార్చి 16, శనివారం

గోడలకు అట్టలు కొట్టే ఫక్రుద్దీన్ కర్నూలు నుంచి వచ్చాడు. గోడను అక్కడక్కడా తట్టి, చెవి పెట్టి విని, డాక్టరు కంటే ఎక్కువ హడావుడి చేశాడు. గోడకు కర్రచట్రం కొడతాడట, మధ్యలో వెండికాగితం అంటించిన థర్మోకోల్ పలకలు, పైన జిప్సం అట్టలు.

"గది నాలుగు పక్కలా జానెడు తగ్గుతాది, అంతేనక్కా. ఎండ ఆ పక్కనే నిలబడిపోతాది. కానీ ఈ పడమటి కిటికీ మాత్రం ఉంచుకోండి. గాలి ఆడాల."

"ఎండంతా వచ్చేది దాంట్లోంచేనప్పా. ముందు దాన్ని మూసెయ్" అన్నాను. అతను భుజాలెగరేసి కొలతలు రాసుకున్నాడు.

అసలు రభస అత్తతో. మా అత్త సుంకమ్మకు సగం చెవుడు. అరిచి చెప్పాలి, అరిచి చెప్పినది వీధంతా వింటుంది. మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దున గుంటలో దిగే ముందు చెంబెడు నీళ్ళు పడమటి గోడ మీద చల్లాలి. గదిలో తేమ ఉంటే దారం తెగదు, దానికే అది. అత్తకు మాత్రం అది గోడలో ఉన్న పెద్దలకు దప్పిక తీర్చడం.

"అట్టలు కొడితే గోడకు నీళ్ళెట్ల పోస్తారు మే? గోడకు ఊపిరెట్ల ఆడుతాది?"

"గోడకు ఊపిరాడకపోయినా పర్వాలేదత్తా, నీ కొడుక్కి ఆడితే చాలు" అని అరిచాను. ఎదురింట్లోంచి ఎవరో నవ్వారు.

మార్చి 19

పెద్దల గూడు సంగతి ఒకటుంది. పడమటి గోడ నడుమ చిన్న గూడు. మా ఇంట్లో నేసే మనిషి పోతే పడుగు మధ్యలో అటూ ఇటూ ఆడే ఆయన నాడెను, అందులో ఇంకా మిగిలిన నూలుతో సహా ఆ గూట్లో పెడతారు. ఏడాది తిరిగేలోగా కొడుకు ఆ మిగిలిన నూలును తన మగ్గం మీద నేసేసి, ఖాళీ నాడెను మళ్ళీ అక్కడే పెట్టాలి. అప్పటికి పోయిన మనిషి పని అయిపోయినట్టు. ఇక ఆయన్ని ఎవరూ పిలవకూడదు, ఆయనా రాకూడదు.

మామ నరసన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆయన నాడెలోని నూలు అట్లాగే ఉంది. ఓబుళేశు నేయలేదు. అడిగినప్పుడల్లా ఒకే మాట. "ఆ రవ్వంత నూలు గూడ అయిపోతే నాయన నిజంగానే పోయినట్టు కదా జ్యోతీ." మగవాళ్ళకు ఇలాంటివి చెప్పి ఒప్పించడం నా వల్ల కాదు.

అత్త కూతురింటికి ఎమ్మిగనూరు వెళ్ళింది. బస్సెక్కేటప్పుడు కూడా అదే పాట. "గూడు మూసే ముందర మీ మామ నాడె తీసి దేవుని పటాల కాడ పెట్టండి. నూలున్న నాడెను చీకట్లో పెట్టగూడదు మే. పెడితే ఆ మనిషి పనికి దిగుతాడు."

మార్చి 24, ఆదివారం

అట్టలు కొట్టడం అయిపోయింది. తెల్లగా, నున్నగా, బ్యాంకులో మేనేజరు గదిలా ఉంది. ఎక్కడ గూడు ఉండేదో, ఎక్కడ కిటికీ ఉండేదో ఇప్పుడు నాకే గుర్తుపట్టడం కష్టం.

నాడె తీశావా అని ఆయన్ని అడిగాను. తీసినాలే అన్నాడు.

మార్చి 27

చల్లగా ఉంది! సాయంత్రం గోడ మీద చేయి పెట్టాను, వేడి జాడ లేదు. కూలరు గాలి గదిలోనే నిలుస్తోంది. ఆయన ముఖం తేటపడింది. రెండు పూటలా నేశాడు, నేస్తూ పాడాడు కూడా. ఆ పాట గోడకంటే అన్యాయంగా ఉంది, అయినా గడపలో కూర్చుని విన్నాను. మా అంగన్‌వాడీ ఆయాకు గొప్పలు చెప్పుకున్నాను. అత్తను ఎమ్మిగనూరు నుంచి పిలిపించి చూపించి నోరు మూయించాలి.

ఏప్రిల్ 9, మంగళవారం, ఉగాది

అత్త వచ్చింది. పచ్చడి చేసి దేవుడి ముందు పెట్టబోయి పటాల దగ్గర వెతికింది. నాడె లేదు.

ఓబుళేశు తల వంచుకున్నాడు. "తీద్దామనే పోతినమ్మా. చెయ్యి రాల్యా. ఇన్నేళ్ళు ఆడనే ఉండె కదా, ఆడనే ఉండనీ అనుకుంటి."

అత్త అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. గడపలో కూర్చుని, చేతిలోని పచ్చడి గిన్నె అలాగే పట్టుకుని, తెల్లటి గోడ వైపు చూస్తూ "ఇప్పుడే విప్పించు మే" అంది.

నేను ఒప్పుకోలేదు. ఆ నడిమి అట్ట విప్పితే ఆ వరసంతా విప్పాలి, లోపలి పలకలు పాడవుతాయి, మళ్ళీ కొట్టడానికి ఫక్రుద్దీన్ ఎన్ని వారాలకు దొరుకుతాడో. బయట అప్పుడే నిప్పులు కురుస్తున్నాయి. చలికాలం రానీ, నేనే దగ్గరుండి విప్పిస్తానన్నాను. ఒక చెక్కముక్క కోసం మొగుణ్ణి ఎండలో పెట్టే ఆడదాన్ని కాదు నేను.

ఏప్రిల్ 14

ఒక సంగతి నాకు ముందు తట్టలేదు. తలుపు వేస్తే మగ్గం చప్పుడు బయటికి రావడం లేదు.

పెళ్ళయి వచ్చినప్పటినుంచి ఆ చప్పుడు చెవిలో పెట్టుకునే ఇంట్లో పనులన్నీ చేశాను. అది వినిపిస్తుంటే ఆయన బాగున్నట్టు. పోయిన ఏడు ఆయన్ని కాపాడింది అదే. ఇప్పుడు వంటింట్లో నిలబడితే గోడ గడియారం తప్ప ఏమీ వినపడదు. తలుపు తీసి పెట్టమంటే చల్లదనం పోతుందంటాడు. ఫోను దగ్గర పెట్టుకోమన్నాను. ఆ వెండికాగితం వల్లో ఏమో, లోపల సిగ్నలు అందదు.

రోజంతా ఏదో ఒక వంకతో తలుపు తీసి చూస్తున్నాను. మజ్జిగ కావాలా. టీ కావాలా. నన్ను కాపలా కుక్క అన్నాడు. అవును అన్నాను.

ఏప్రిల్ 22, సోమవారం

ఈరోజు వినిపించింది!

అంగన్‌వాడీ మూసి మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాను. వీధిలో కాకి కూడా లేదు. వంటింట్లో ముఖం కడుక్కుంటుంటే మగ్గం చప్పుడు, సన్నగా, కానీ స్పష్టంగా. ప్రాణం లేచొచ్చింది. అట్టలు ఎక్కడో సర్దుకుని సందు పడినట్టుంది, మంచిదే అనుకున్నాను. వింటూ అన్నం వార్చాను, వింటూ తాలింపు వేశాను.

తినడానికి పిలుద్దామని తలుపు తీశాను. ఆయన కూలరు ముందు చాప మీద నిద్రపోతున్నాడు. గుర్రు పెడుతున్నాడు. మగ్గం కదలడం లేదు. తలుపు తీయగానే చప్పుడు ఆగింది.

అట్టల వెనక బోలు ఉంది కదా. ఎండకు కర్రచట్రం సాగి టకటకమంటుంది. ఫక్రుద్దీన్‌కు ఫోను చేశాను. కర్ర అన్నాక చప్పుడు చేస్తుందక్కా అన్నాడు. అదే నేనూ అనుకున్నాను.

ఏప్రిల్ 23

రెండు దెబ్బలు, ఒక ఆగుడు. మళ్ళీ రెండు దెబ్బలు, ఒక ఆగుడు. మామకు ఎడమ భుజం పట్టేసేది, అలాగే నేసేవాడు. కర్రచట్రం కూడా అలాగే కొట్టుకుంటుందేమో.

ఏప్రిల్ 28, ఆదివారం

ఓబుళేశును అడిగాను, గదిలో ఏమైనా వినిపిస్తుందా అని. నవ్వాడు. దాచిపెట్టిన బెల్లం దొరికిపోయినట్టు నవ్వాడు.

"నీకూ వినిపిస్తాండాదా? నాయనే. మధ్యాహ్నం నేను కన్ను మూస్తానే మొదలుపెడ్తాండాడు."

"నీకు భయం లేదా?"

"భయమెందుకు? నాకు మగ్గం నేర్పిచ్చినోడే కదా. పక్కన కూసోని నేస్తాంటే బాగుండాది."

ఒళ్ళు మండింది. భయపడేవాడైతే ధైర్యం చెప్పేదాన్ని. సంతోషంగా ఉన్నవాడికి ఏం చెప్పాలి.

అత్త పొద్దున్నే వీధిలోకి పోయి పడమటి గోడ మీద బయటినుంచి చెంబుతో నీళ్ళు పోస్తోంది. దారినపోయేవాళ్ళు ఏమ్మా సుంకమ్మా, గోడకు జరమొచ్చిందా అని ఆట పట్టిస్తున్నారు. పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోతున్నాయి, కింద మట్టి కూడా తడవడం లేదు. ఎండ అలాంటిది.

మే 3, శుక్రవారం

నేసిన చీర పరిచి చూశాను. అంచు దగ్గరనుంచి మూర దాకా నేత ఒకలాగ ఉంది, తర్వాత మూర ఇంకోలాగ. ఒక ముక్క గట్టిగా, ఒక ముక్క వదులుగా. ఇద్దరు మార్చి మార్చి నేసినట్టు. అడిగితే, నాయన దెబ్బ వింటూ వింటూ తన చెయ్యి కూడా అలాగే పడుతోందన్నాడు. తలుపు తీసి విన్నాను. నిజమే, ఎదురుగా కూర్చుని ఈయనే కొడుతున్నాడు. రెండు దెబ్బలు, ఒక ఆగుడు. భుజానికి ఏ నొప్పీ లేకుండానే.

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవను, కానీ ఏడ్చాను.

"నీ దెబ్బ నువ్వు కొట్టయ్యా. ఆగకుండా కొడతావే, అది. బయటినుంచి నాకు నీది నీదని తెలియాల. మామది నాకొద్దు. నీ చప్పుడు వినపడితేనే నేను అన్నం వండగలను."

ఆయన నూలును కొట్టే పలక వదిలేసి గుంటలోంచి పైకొచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేయి పట్టుకున్నాడు. చేయి చల్లగా ఉంది. చాలా చల్లగా. సంతోషపడ్డాను.

"సరేలే పిచ్చిదానా. ఆగకుండా కొడతాంటే నేను. ఆగి ఆగి కొడితే నాయన. గుర్తుపెట్టుకో" అన్నాడు.

సగం చప్పుడు బయటికొస్తోంది కనక ఇకనుంచి దిగుల్లేదు.

మే 5

కరెంటు పోయింది. పరిగెత్తి గదిలోకి పోయాను. కూలరు ఆగిపోయి చాలాసేపైనా లోపల నీళ్ళ కుండలో చేయి పెట్టినట్టు ఉంది. ఫక్రుద్దీన్ పనితనం గొప్పది. ఎండ లోపలికి రాదు సరే, కూలరు లేకుండా ఇంత చల్లదనం ఎక్కడినుంచి వస్తోందని అడిగితే ఏమంటాడో. అడగలేదు. ఆయనకు మంచిదైతే చాలు.

మే 7

అత్త మళ్ళీ అడిగింది. విప్పించనని చెప్పాను. చలికాలం దాకా ఆగు, నీకు దణ్ణం పెడతానన్నాను.

మే 9, గురువారం

నాకు సెలవులిచ్చారు. ఊరగాయకు మామిడికాయలు తెప్పించి పొద్దుటినుంచి తరుగుతున్నాను. ఓట్ల ఆటోలు మైకులతో వీధులు పగలగొడుతున్నాయి. వాటి గోల వినపడదని ఓబుళేశు టిఫిను తినగానే గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. గళ్ళ కొంగు ఈరోజు ముగిస్తాడట.

కరెంటు పోయింది. ఊరంతా లేదట, ఎండకు ట్రాన్స్‌ఫార్మరు కాలిందని పక్కింటామె చెప్పింది. ఇలాంటి ఎండ నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వాకిట్లో బండలమీద కాలు పెడితే బొబ్బలు.

ముందు కంగారు పడ్డాను, తర్వాత మగ్గం వినిపించింది. ఆయన దెబ్బే. ఆగకుండా, ఒక్క పట్టున. ఈమధ్య ఇంత జోరుగా నేసింది లేదు. కాయలు తరుగుతూ విన్నాను. ఉప్పు, కారం కలుపుతూ విన్నాను. ఇప్పుడు చేతులు కడుక్కుని ఇది రాస్తున్నాను, ఇప్పుడు కూడా వినిపిస్తోంది. మామది వినిపించడం లేదు. ఈరోజు మొత్తం ఈయనదే.

ఒకసారి పోయి చూద్దామా అనిపించింది. చప్పుడు వినిపిస్తుంటే ఇంక చూడ్డమెందుకు. తలుపు తీస్తే చల్లదనం పోయిందని విసుక్కుంటాడు. ఆరు రోజుల కింద చేయి పట్టుకుని మాటిచ్చాడు, మాట నిలబెట్టుకుంటున్నాడు. నేనూ కాస్త నమ్మకం నేర్చుకోవాలి.

కొంగు ముగిసేదాకా కొట్టుకోనీ. ఆకలైతే ఆయనే వస్తాడు. వంకాయ కూర ఆయనకిష్టం.

మే 21, మంగళవారం

ఇన్ని రోజులు రాయలేదు. పదకొండో రోజు కూడా అయిపోయింది. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు.

తలుపు తీసేటప్పటికి కూడా మగ్గం వినిపిస్తూనే ఉంది. తీశాక ఆగింది. ఓబుళేశు గుంటలోనే ఉన్నాడు. తల పలక మీద ఆనించి, ఇంకో పోగు చూసుకుంటున్నట్టు.

వచ్చిన డాక్టరు ఒళ్ళంతా చూసి, అయిపోయి చాలాసేపైందమ్మా అన్నాడు. పొద్దున టిఫిను తిన్న కాసేపటికే అయ్యుంటుందన్నాడు. కిటికీ లేదు, గాలి లేదు, కరెంటు లేక కూలరు తేమంతా గదిలో ఉడికిపోయి ఉంటుందన్నాడు. ఇంత మూసేసిన గదిలో ఎట్ల కూసోబెడ్తిరమ్మా అన్నాడు.

గదిలో ఉడుకు లేదు. నేను పోయినప్పుడు చల్లగా ఉంది.

పొద్దున అయిపోతే, నేను కాయలు తరిగేటప్పుడు విన్నది ఏమిటి. తొమ్మిదో తేదీ రాసింది తీసి చదివాను. నా అక్షరాలే. "ఆయన దెబ్బే" అని ఉంది. నేను పొరబడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ దెబ్బ నాకు తెలియదా.

గది చల్లగా ఉంది. డాక్టరు చేయి పెట్టి చూడలేదు.

మే 22

ఏమీ వినిపించలేదు.

మే 23

ఏమీ వినిపించలేదు. అన్నం తినలేదు.

మే 24

మధ్యాహ్నం. రెండు దెబ్బలు, ఒక ఆగుడు. కాసేపటికి దాని మీద ఇంకొకటి, ఆగకుండా. రెండూ కలిసి.

వంటింట్లో నేల మీద కూలబడి విన్నాను. అన్నం తిన్నాను.

మే 27, సోమవారం

ఈరోజు అత్త ఫక్రుద్దీన్‌ను పిలిపించింది. నాకు చెప్పకుండా.

ఓబుళేశు నాడెను గూట్లో పెట్టాలట. దాంతోపాటు మామ నాడె తీసి రెండింటిలో మిగిలిన నూలును ఎమ్మిగనూరులో బంధువుల మగ్గం మీద నేయించాలట. ఆనవాయితీ అదే, కాదనను. కానీ ఓబుళేశు నాడె ఎక్కడ? మగ్గం మీద లేదు. గుంటలో లేదు. ఆ రోజు చేతిలో లేదు, నేనే చూశాను. అత్త గదంతా వెతికింది, చీపురు పెట్టి గుంట ఊడ్చింది. ఆ గదిలో పోవడానికి సందు ఎక్కడుంది? నేను వెతకలేదు.

నేను పక్కింట్లో ఉండగా ఫక్రుద్దీన్ మిషను పెట్టి గూడు ఉండే చోట అరచేతంత అట్టముక్క కోసేశాడు. మిషను మోతకు పరిగెత్తుకొచ్చాను. ఆ కంతలోంచి గాలి వస్తోంది. గోడలోంచి గాలి ఎక్కడొస్తుంది, అయినా వస్తోంది. చల్లగా, తడి నూలు వాసనతో. ఫక్రుద్దీన్ చేయి వెనక్కి తీసుకుని ప్యాంటుకు తుడుచుకుంటున్నాడు.

"ఇంక చాలు. పో" అన్నాను.

"అక్కా, సుంకమ్మవ్వ చెప్తేనే నేను..."

"ఇంకొక్క అట్ట ముట్టుకుంటే మర్యాదగుండదు. పో నాయనా."

అతను సామాన్లు సర్దుకుని పోయాడు. కూలి కూడా అడగలేదు. మళ్ళీ రాడు.

అత్త నా రెండు చేతులూ పట్టుకుంది. చెవుడు కదా, నేను అరవాలి. అరవలేకపోయాను. నా పెదాలు చూసి అర్థం చేసుకుంటోంది.

"నూలు నేసేస్తే వాళ్ళు పోతారు మే. మీ మామ ఇన్నేళ్ళు ఆడనే తిరుగుతాండాడు. ఇప్పుడు నా బిడ్డ గూడ. పోనీ మే వాళ్ళను. నీకు పుణ్యముంటాది."

"పోనియ్యనత్తా" అన్నాను. "నాకు పుణ్యమొద్దు. నాకు ఆయన కావాల."

ఇంత బతుకు బతికి, పిల్లలకు దయ్యాలు లేవని పాఠం చెప్పే దాన్ని, ఆ మాట అన్నాను. అని సిగ్గుపడలేదు. నేను కట్టించిన గోడ ఆయన్ని ఎండనుంచి కాపాడలేకపోయింది. ఇక్కడే ఉంచడానికైనా పనికొస్తే ఉంచుకుంటాను.

మే 30

కంతలో చెవి పెట్టాను. లోపల గది ఉన్నట్టుంది. చట్రానికీ రాతికీ మధ్య నాలుగు వేళ్ళు పట్టవు, కొలిచి కట్టించినదాన్ని నేనే. అయినా చప్పుడు దూరంనుంచి వస్తోంది, పెద్ద ఇంట్లో ఆ చివర ఎవరో నేస్తున్నట్టు.

"ఏమయ్యా" అని పిలిచాను.

చప్పుడు ఆగింది. రెండూ ఆగాయి. నేనెవరో చూస్తున్నట్టు. ఇంకోసారి పిలవడానికి ధైర్యం చాలలేదు. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

జూన్ 1

చప్పుడు పలచబడుతోంది. మధ్యమధ్యలో ఆగుతోంది. ఉత్త పలక కొట్టుకున్నట్టుంది, నూలు పడని పలక. ఆ తేడా నాకు తెలుసు. నేతగాడి ఇంట్లో ఆడదానికి అది తెలియకుండా ఎట్లా ఉంటుంది.

నూలు అయిపోతోంది వాళ్ళకు.

పొద్దంతా గదికీ వంటింటికీ మధ్య తిరిగాను. పోయిన ఏడు ఆ చప్పుడు ఆగినప్పుడు ఎట్లా పరిగెత్తానో అట్లాగే ఉంది కాళ్ళల్లో. ఎక్కడికి పరిగెత్తాలో తెలియదు.

జూన్ 2

అటక మీదినుంచి రాట్నం దించాను. ఆయన పోయాక అత్త దాన్ని మూటగట్టి పైన పెట్టేసింది. నూలు తడిపి నాడెలో పెట్టే కండెలు చుట్టాను. ఆ పని నాది, ఇంట్లో నేసే మనిషికి కండెలు చుట్టిపెట్టేది ఆడదే. ఒక్కొక్కటీ కంతలో పెట్టి వదిలాను. కింద పడిన చప్పుడు రాలేదు. ఒక్కటీ పడలేదు.

మధ్యాహ్నానికి మగ్గం మొదలైంది. నిండుగా, నూలు పడిన చప్పుడు.

జూన్ 3, సోమవారం

పొద్దుటినుంచి చుడుతూనే ఉన్నాను. చుట్టిన వెంటనే అయిపోతున్నాయి. నా చేయి ఆగితే వాళ్ళ చేయి ఆగుతుంది. అంగన్‌వాడీకి పోలేదు. ఇంకెప్పుడు పోతానో తెలియదు.

అత్త వచ్చి గడపలో నిలబడింది. తడి నూలు, కండెల బుట్ట, కంత, నేను. అన్నీ చూసింది.

"ఎవరికి మే ఇవన్నీ?"

"ఇద్దరు నేస్తాంటే ఒక్క చేతికి యాడ సాలుతాదత్తా" అన్నాను. అరవలేదు. పెదాలు చూసి అర్థం చేసుకుంది.

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. గోడ దగ్గరికి పోయి, తెల్లటి అట్ట మీద అరచేయి ఆనించింది. వినపడని మనిషి. చేయి అట్లాగే పెట్టి కళ్ళు మూసుకుంది. వేళ్ళు ఒక లెక్కన కదలడం మొదలుపెట్టాయి. రెండుసార్లు కదిలి ఆగాయి. మళ్ళీ రెండుసార్లు కదిలి ఆగాయి. ఆమె ముఖంలోకి చూడలేక తల తిప్పుకున్నాను.

చాలాసేపటికి వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నా ఎదురుగా కూర్చుంది. నా చేతిలోని కండెను తీసుకుని బొటనవేలితో నొక్కి చూసింది. రాట్నం తన వైపు లాక్కుంది.

"ఇంత వదులుగ చుడితే మీ మామకు కోపమొస్తాది మే. ఆయనవి నేను చుడతా, నువ్వు నీ మొగునివి చూసుకో."